తూటాకు ఖరీదున్న సినిమాలు చూద్దాం



నెలనెలా మన హాలులో వేసే సినిమా మీద గ్రూపులో నడుస్తున్న వాదన మీరంతా చూస్తూనే ఉన్నారు. మేము కొందరం కలిసి పాత కౌబాయ్ సినిమాలు, యుద్ధ సినిమాలు కొన్ని సూచించాం. వెంటనే జవాబులు వచ్చాయి. "మాకు యాక్షన్ కావాలి, పాఠాలు కాదు." "బ్లాక్ అండ్ వైట్ అంటే నిద్రొస్తుంది." "ఆదివారం కూడా క్లాసా?" ఒక్కొక్కరికీ విడిగా బదులిస్తే కొట్లాటలా ఉంటుందని అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైంది. కాఫీ పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక సంగతి. యాక్షన్ సినిమా అంటే మాకు చిన్నచూపు లేదు. తెల్లవారుజాము షోకి చలిలో లైన్లో నిలబడ్డవాళ్లమే, హీరో ఎంట్రీకి కాగితాలు చింపి ఎగరేసినవాళ్లమే. ఈ సినిమాలు సూచించింది కూడా యాక్షన్ ఇష్టపడే వాళ్ల కోసమే.

మా ఫిర్యాదు ఒక్కటే. ఇప్పటి సినిమాల్లో తూటా మరీ చవకైపోయింది. ఒక్క ఫైటులో అరవై మంది గాల్లోకి లేస్తారు. వాళ్లెవరో, ఎందుకొచ్చారో, ఇంటి దగ్గర ఎవరున్నారో మనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. హీరో తుపాకిలో తూటాలు అయిపోవు, ఒంట్లో రక్తం అయిపోదు. దెబ్బకు నొప్పి లేదు కాబట్టి తర్వాతి దెబ్బ ఇంకా పెద్దది కావాలి, చప్పుడు ఇంకా పెరగాలి. ఉప్పు లేని కూరలో కారం దట్టిస్తూ పోయినట్టు ఉంటుంది. బయటికొచ్చి బండి తీసేలోపు ఏ ఫైటు ఏ సినిమాలోదో మరిచిపోతాం. దీన్ని యాక్షన్ అంటే యాక్షన్‌కే అవమానం.

"పాతవి స్లో" అన్నవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. సెర్జియో లియోనే తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్', 1968 నాటిది. మొదట్లో ముగ్గురు తుపాకీవాళ్లు రైల్వే స్టేషన్లో ఒక మనిషి కోసం కాచుకుని ఉంటారు. దాదాపు పది నిమిషాలు ఏమీ జరగదు. గాలిమర కిర్రుమంటుంది, ఒకడి టోపీ మీద నీటిచుక్కలు పడతాయి, ఇంకొకడి మొహం మీద ఈగ వాలుతుంది. మన తెలుగులో ఈగ హీరో కావడానికి 44 ఏళ్ల ముందే అక్కడ ఒక ఈగ సీనంతా కొట్టేసింది. రైలు వస్తుంది, పోతుంది. తర్వాత కాల్పులు కొన్ని క్షణాల్లో ముగిసిపోతాయి. ఆ క్షణాలు ఎందుకు గుర్తుంటాయంటే, ఆ పది నిమిషాలూ మనమూ వాళ్లతో పాటే కాచుకుని ఉన్నాం కాబట్టి.

మన పక్కనే ఉన్న ఉదాహరణ షోలే. మైసూరు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు వెళ్తే రామనగర. 1973 అక్టోబరులో రమేశ్ సిప్పీ బృందం అక్కడి బండల మధ్య ఒక ఊరే కట్టి షూటింగ్ మొదలుపెట్టింది. 1975 ఆగస్టు 15న సినిమా విడుదలైంది. ఆ రామదేవర బెట్ట ఇప్పుడు రాబందుల అభయారణ్యం. వారాంతంలో అక్కడికి వెళ్లి ఫొటోలు దిగిన సభ్యులు మనలో చాలామందే ఉన్నారు. కానీ ఆ సినిమాను మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసిన పిల్లలు మన ఇళ్లలో ఎందరు?

చూస్తే వాళ్లకే తెలుస్తుంది. ఇమామ్ గారి అబ్బాయి చావును తెర మీద చూపించరు. గబ్బర్ తన చేతి మీద పాకుతున్న చీమను నలుపుతాడు, తర్వాత శవాన్ని మోస్తూ గుర్రం ఊళ్లోకి వస్తుంది. అంతే. ఊరంతా మౌనంగా నిలబడిన ఆ సీను ముందు అరవై మందిని లేపే ఫైటు నిలుస్తుందా? మీరే చెప్పండి.

షోలేకు తాతలాంటిది కురొసావా 'సెవెన్ సమురాయ్'. 1954లో వచ్చింది, నిడివి దాదాపు మూడున్నర గంటలు. దొంగల బెడద పడలేక రైతులు తిండి పెట్టి ఏడుగురు కత్తివీరులను తెచ్చుకుంటారు. ఏడుగురిలో నలుగురు చనిపోతారు. ఆ నలుగురినీ చంపింది కత్తి కాదు, తుపాకి. అంత నేర్పున్నవాళ్లు కూడా ఎక్కడినుంచో వచ్చిన తూటాకు బురదలో పడిపోతారు. కత్తితో తూటాను రెండు ముక్కలు చేసే హీరోలను చూసి పెరుగుతున్న మన పిల్లలకు ఇది ఒక్కసారి చూపించాలి.

'హై నూన్' (1952) గంటన్నర కూడా ఉండదు. పెళ్లి చేసుకుని, ఉద్యోగం వదిలి వెళ్లిపోతున్న మార్షల్. మధ్యాహ్నం రైలుకు పాత పగవాడు దిగుతున్నాడు. సాయం అడుగుతూ ఆయన ఊరంతా తిరుగుతాడు. చర్చిలో సభ జరుగుతుంది. ఆయన ఎంత మంచివాడో చెప్పుకుంటారు, ఊరి పరువు గురించి మాట్లాడతారు, చివరికి ఒక్కరూ వెంట రారు. మన సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లకు ఆ సీను కొత్తగా అనిపించదు. "మీరు ముందు నడవండి, మేం వెనకే ఉన్నాం" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు, ఎన్నిసార్లు అనలేదు! అందుకే చివర్లో ఆయన ఒంటరిగా వీధిలోకి నడుస్తుంటే మనకు చెమట పడుతుంది.

ఇక యుద్ధ సినిమాలు. 'ఘాజీ' నచ్చినవాళ్లు మనలో ఎంతోమంది. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి నేపథ్యంతో వచ్చిన మన తెలుగు సినిమా అది. అది నచ్చితే జర్మన్ వాళ్లు తీసిన 'దాస్ బూట్' (1981) చూడండి. పైన శత్రువు ఓడ, కింద ఇనప డబ్బాలో ఊపిరి బిగబట్టిన కుర్రాళ్లు. యాక్షన్ అంతా చెవులతోనే. మనం కూర్చుని భయపడేది హిట్లర్ నౌకాదళంలో ఉన్నవాళ్ల ప్రాణాల కోసమని తర్వాత గుర్తొచ్చి ఉలిక్కిపడతాం.

'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' (1957) ఈ ఊరి సాఫ్ట్‌వేర్ వాళ్లు తప్పక చూడాలి. జపాన్ వాళ్లకు చిక్కిన బ్రిటిష్ కర్నల్, శత్రువు కోసం కడుతున్న వంతెనను తన సొంత ప్రాజెక్టులా చూసుకోవడం మొదలుపెడతాడు. గడువు, నాణ్యత, టీమ్ క్రమశిక్షణ అన్నీ ఉంటాయి. ఎవరి కోసం కడుతున్నామన్న ఒక్క ప్రశ్న తప్ప. చివరి పేలుడు కోసం మనం రెండున్నర గంటలు చూస్తాం, తీరా పేలే సమయానికి అది పేలాలో వద్దో మనకే తెలియదు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రైలుమార్గం నిజంగా కట్టినప్పుడు మలయా తోటల నుంచి పట్టుకుపోయిన దక్షిణ భారత కూలీలు వేలల్లో చనిపోయారు. సినిమాలో కథంతా తెల్లవాళ్లదే. కౌబాయ్ సినిమాల్లోనూ అంతే, ఆ నేల అసలు మనుషులను చాలా వాటిలో దుర్మార్గులుగా చూపించారు. పాతవన్నీ గొప్పవని మేము అనడం లేదు. చూద్దాం, తర్వాత కాఫీ దగ్గర తిట్టుకుందాం. తిట్టుకోవడానికైనా అందులో సరుకు ఉంది.

"ఇవి మనవి కావు కదా" అన్నవాళ్లకూ జవాబుంది. షోలే కంటే నాలుగేళ్ల ముందే, 1971లో, కృష్ణ గారు తలకు టోపీ పెట్టి 'మోసగాళ్లకు మోసగాడు'లో గుర్రమెక్కారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. రాజస్థాన్ ఎడారిలో తీశారు. కథ రాసింది ఎవరనుకున్నారు? 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర. అంత పండితుడికి కౌబాయ్ కథ చిన్నతనం అనిపించలేదు. మనకెందుకు అనిపించాలి?

పాత సినిమాలను సమర్థించే మన పెద్దలకూ ఒక విన్నపం. "ఆ రోజులే వేరు" అంటూ మొదలుపెట్టకండి. కాకరకాయ రసంలా క్లాసిక్‌లను గొంతులో పోస్తే ఏ పిల్లాడూ తాగడు. సినిమాకి ముందు ఉపన్యాసం వద్దు. లైట్లు ఆపి సినిమా వేయండి, అది తన పని తాను చేసుకుంటుంది.

చివరిగా, ఇంత పట్టుదల ఎందుకంటే, కొత్త సినిమా ఎక్కడైనా దొరుకుతుంది. మాల్‌లో ఉంది, నెల తిరిగేసరికి ఫోన్లో ఉంటుంది. పాతవాటిని పదిమందితో కలిసి పెద్ద తెర మీద చూసే చోటే పోయింది. ఎం.జి. రోడ్డు ప్లాజా లేదు. బ్రిగేడ్ రోడ్డు రెక్స్ 2018 చివర్లో మూతపడింది. మన హాలులో తెర ఉంది, కుర్చీలున్నాయి. అక్కడా ఫోన్లో దొరికేదే వేస్తే ఆ హాలు ఎందుకు?

మా ప్రతిపాదన ఇది. మూడు నెలలు మాకివ్వండి. మొదట షోలే, తర్వాత హై నూన్, ఆ తర్వాత రివర్ క్వై. ప్రదర్శన అనుమతుల పని మేము చూసుకుంటాం. ఫోన్లు బయట బుట్టలో. మూడు నెలల తర్వాత కూడా యాక్షన్ లేదనిపిస్తే, నాలుగో నెల మీరు అడిగిన సినిమా వేద్దాం, కాగితాలు చింపి ఎగరేయడానికి మేమే ముందు వరుసలో ఉంటాం.

ఇష్టమున్నవాళ్లు కింద "సరే" అని రాయండి. ఇష్టం లేనివాళ్లు ఎందుకో రాయండి. మౌనంగా మాత్రం ఉండకండి, హై నూన్ ఊరివాళ్లలాగా.