మాత్ర రాత్రికి, డ్యూటీ కూడా రాత్రికే

'రాత్రి పడుకునే ముందు ఒకటి.' మానసిక వైద్యులు చీటీలో రాసే ఈ మాట భిలాయ్‌లో అంత తేలిగ్గా అమలు కాదు. తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడ్డ ఈ ఉక్కు పట్టణంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. మూడు షిఫ్టుల్లో నడిచే కర్మాగారంలో రాత్రి అంటే నిద్రవేళ అన్న భరోసా లేదు. డ్యూటీ దిగాక పరీక్షలకు చదువుకునేవారికైతే మరీనూ.

చిక్కు మందు స్వభావంలోనే ఉంది. మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను క్వెటియాపిన్, ఓలాంజపిన్, మిర్టాజపిన్ వంటివి అడ్డుకుంటాయి. రక్తంలో మందు సగానికి తగ్గడానికి మామూలు క్వెటియాపిన్‌కు దాదాపు 7 గంటలు, ఓలాంజపిన్‌కు 30 గంటలకు పైనే పట్టవచ్చు. తెల్లారినా మత్తు వదలకపోతే క్రేన్ నడిపేవారికి ప్రమాదం, చదివేవారికి పాఠం తలకెక్కదు.

అలాగని సొంతంగా మాత్ర మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. బైపోలార్ ఉన్నవారిలో నిద్ర కరువే ఉన్మాదాన్ని రేపగలదు. లిథియం వాడేవారు కొలిమి వేడిలో చెమటోడ్చి, సరిపడా నీళ్లు తాగకపోతే ఆ మందు రక్తంలో విషస్థాయికి చేరే ముప్పుంది.

షిఫ్టుల పట్టిక డాక్టర్ ముందు పెడితే మాత్ర వేళనో, మోతాదునో, మందునో మార్చే వీలుంటుంది. ఉద్యోగానికి ఎసరొస్తుందన్న భయంతో చాలామంది నోరు విప్పరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని 20వ సెక్షన్ చెబుతోంది. చీటీ రాసేముందు డాక్టరే 'ఈ వారం ఏ షిఫ్టు?' అని అడిగితే సగం భయం అక్కడే తీరుతుంది.