రశీదు లేని ఫిర్యాదు

మిరపకోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకామె మా కార్యాలయానికి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పక్కింట్లో ఇంటర్ చదువుతున్న అబ్బాయి చేత రాయించిందట. అలాంటివే రెండు కాగితాలు అప్పటికే రెండు ఆఫీసుల్లో ఇచ్చి వచ్చింది. ఇచ్చినట్టు మాత్రం ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. ఐదుసార్లు తిరిగింది. ఐదు రోజుల కూలి పోయింది. "నేను డబ్బులేం అడగటం లేదమ్మా. నా పిల్లని ఎందుకు కొట్టారో చెప్పమంటున్నాను, అంతే" అంది.

ఆమె కూతురికి పదమూడేళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి. ఆ బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్డి ఉంది, దానికి తలుపూ ఉంది, నీళ్ళు లేవు. ఒకరోజు బడిలో ఉండగానే ఆ పిల్లకి నెలసరి వచ్చింది. ఇంటర్వెల్లో ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది. చెబుదామంటే ఆ రోజు బడిలో ఉన్న ఉపాధ్యాయులంతా మగవాళ్ళే. మర్నాడు ప్రార్థన సమయంలో ఒక మాస్టారు ఆ పిల్లని వరసలోంచి బయటికి పిలిచి, అందరి ముందూ "నిన్న ఎక్కడికెళ్ళావు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు అంతమంది మగపిల్లల ముందు చెప్పగలిగేది కాదు. ఆమె మౌనం ఆయనకి పొగరులా కనిపించింది. రెండు అరచేతుల మీదా బెత్తం విరిగేలా కొట్టాడు. ఆ రోజునుంచీ ఆ పిల్ల బడికి వెళ్ళనంది.

తల్లి బడికి వెళ్ళింది. హెడ్ మాస్టరు మూడు మాటలు చెప్పాడు. ఒకటి, "మీ ఆయన్ని పంపించమ్మా, ఆయనతో మాట్లాడతాను." రెండు, "కొట్టకుండా చదువొస్తుందా? మేమంతా దెబ్బలు తినే ఇంతవాళ్ళమయ్యాం." మూడు, "మా బడి నచ్చకపోతే టి.సి. తీసుకెళ్ళు." మండలాఫీసులో గుమాస్తా కాగితం తీసుకుని ఒక ఫైలు కింద పెట్టి, సారు క్యాంపుకి వెళ్ళారన్నాడు. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ సారు క్యాంపులోనే ఉన్నారు.

ఈ మూడు మాటలూ ఆ హెడ్ మాస్టరు ఒక్కడివే కావు. బడి మెట్లెక్కిన ఏ పేద తల్లిని అడిగినా ఇవే చెబుతుంది. అందుకే వీటిని ఒక్కొక్కటిగా చూడాలి.

"మీ ఆయన్ని పంపించు." ఆమె భర్త హైదరాబాదులో భవన నిర్మాణం పనిలో ఉన్నాడు. పిల్లని బడికి పంపేది, జ్వరమొస్తే కూర్చునేది, పరీక్షల ముందు నిద్ర లేపేది తల్లి. ప్రభుత్వాలకి ఈ సంగతి బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన 'అమ్మ ఒడి' డబ్బు తల్లి ఖాతాలోనే వేశారు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వేసి బడుల మరమ్మతులు చూసుకోమన్నారు. పథకం పేరులో అమ్మ ఉంది. ప్రశ్న అడగడానికి వచ్చేసరికి మాత్రం ఆయన కావాలి. తండ్రి ఉండగా కూడా తల్లి సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1999లో. ఆ తీర్పు మన బడి గుమ్మం దాకా ఇంకా రాలేదు. మన భాషలోనే చూడండి. చొక్కా నలగని తండ్రి వస్తే "రండి, కూర్చోండి" అంటారు. పనిలోంచి పరిగెత్తుకొచ్చిన తల్లికి "ఏమ్మా, ఏం కావాలి నీకు?" అంటారు. ఆమె నిలబడే మాట్లాడి, నిలబడే వెనక్కి తిరుగుతుంది.

"కొట్టకుండా చదువొస్తుందా?" వస్తుందో రాదో చర్చించుకోవచ్చు. కానీ చట్టం ఆ చర్చ ముగించి చాలాకాలమయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. అతిక్రమించిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలంది. మనం సాధారణంగా బెత్తం దెబ్బనే లెక్కపెడతాం. ఆ పిల్ల మాత్రం తల్లితో, చేతుల నొప్పి రెండు రోజుల్లో పోయిందనీ, వరస ముందు నిలబెట్టడం మాత్రం మర్చిపోలేకపోతున్నాననీ చెప్పింది. నీళ్ళు లేని మరుగుదొడ్డి తప్పు బడిది. ఆ తప్పుకి శిక్ష పడింది పిల్లకి. మగపిల్లలకీ ఆడపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని అదే చట్టం షెడ్యూల్లో రాసి ఉంది. గోడలు కట్టి తలుపు బిగిస్తే లెక్కల్లో మరుగుదొడ్డి ఉన్నట్టే. నీళ్ళు లేని గదిని ఆడపిల్ల వాడుకోలేదన్న సంగతి ఆ లెక్కల్లోకి ఎక్కదు.

"టి.సి. తీసుకెళ్ళు." మూడింటిలోకీ ప్రమాదకరమైన మాట ఇదే. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడినుంచి తీసివేయకూడదని చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని ఆపే వీలు కల్పిస్తూ 2019లో ఆ సెక్షన్ని సవరించినా, బడినుంచి తీసివేయకూడదన్న నిబంధన అలాగే ఉంది. అందుకని ఎవరూ తీసివేయరు. తల్లి చేతనే దరఖాస్తు రాయిస్తారు. అప్పుడది రికార్డులో తల్లి ఇష్టప్రకారం జరిగినట్టు ఉంటుంది. ఈ టి.సి. కాగితానిది విచిత్రమైన కథ. ప్రైవేటు బళ్ళో ఫీజు బాకీ ఉన్న తల్లి కాళ్ళా వేళ్ళా పడినా అది బయటికి రాదు. ప్రభుత్వ బళ్ళో ప్రశ్న అడిగిన తల్లికి అడక్కుండానే ఇస్తామంటారు. రెండు చోట్లా అది ఆమె నోరు మూయించే సాధనమే. ఇంకో బడికి మారే పిల్లకి ప్రధానోపాధ్యాయులు వెంటనే టి.సి. ఇవ్వాలనీ, అది రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదనీ 5వ సెక్షన్లో ఉంది. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలియనిచ్చాం?

ఇక ఆ కాగితం సంగతి. పిల్లల విద్యాహక్కుకి సంబంధించి ఎవరికి ఏ ఫిర్యాదు ఉన్నా స్థానిక అధికార సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వవచ్చని 32వ సెక్షన్ చెబుతోంది. ఇరుపక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. చదవడానికి బాగానే ఉంది. కానీ మూడు నెలలు ఏ రోజునుంచి లెక్కపెట్టాలి? కాగితం మీద ముద్ర పడిన రోజునుంచి. ముద్ర పడకపోతే మూడు నెలలు మొదలే కావు, అప్పీలుకి దారే ఉండదు. రశీదు ఇవ్వని ఫిర్యాదు ఆఫీసు దృష్టిలో పుట్టనే లేదు. అధికారి అన్యాయంగా తీర్పు చెప్పనక్కర్లేదు. ఊరికే కాగితం తీసుకుని ఊరుకుంటే చాలు. తల్లి తన హక్కు అడుగుతూ తెచ్చిన కాగితాన్ని మన ఆఫీసులు విన్నపంగా మార్చేస్తున్నది ఇక్కడే. విన్నపానికి దయ చాలు, జవాబు అక్కర్లేదు.

ఆ మూడు నెలలు ఆడపిల్ల జీవితంలో చిన్న గడువు కాదు. బడి మానేసిన నెలకే ఆ ఇంట్లో నాయనమ్మ మేనత్త కొడుకు మాట ఎత్తిందట. బడికి వెళ్ళే పిల్ల గురించి ఎత్తడానికి సంకోచించే మాట, ఇంట్లో కూర్చున్న పిల్ల గురించి సులువుగా వస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు పెళ్ళి చెయ్యకూడదని 2006 నాటి చట్టం ఉంది. కానీ పెళ్ళి మాట మొదలయ్యేది బడి మానిన రోజున. ఫైలు కింద నలిగిన కాగితానికీ ఆ పెళ్ళి మాటకీ ఉన్న సంబంధం ఏ రిజిస్టర్లోనూ కనిపించదు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకానే తోడు వస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి, అంటే పెళ్ళి భయం మరింత దగ్గరయ్యే వయసులో, ఆ తోడు కూడా లేదు. ఆ వయసు పెంచాలని మనం అడగక తప్పదు.

బడి యాజమాన్య కమిటీ ఉంది కదా అనవచ్చు. ఎయిడెడ్ కాని ప్రైవేటు బళ్ళు మినహా ప్రతి బడిలోనూ అది ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు అయివుండాలి. ఈమె వెళ్ళిన బడిలోనూ కమిటీ ఉంది, స్త్రీ సభ్యులూ ఉన్నారు. ఒకామెను కలిశాం. సంతకం పెట్టమని రిజిస్టరు ఇంటికే పంపుతారని చెప్పింది. సమావేశం ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఉపాధ్యాయులు మనకి శత్రువులు కారు. ఖాళీలు నింపకుండా, ఒకరి చేత ముగ్గురి పని చేయిస్తూ, చదువుతో సంబంధం లేని లెక్కలన్నీ వాళ్ళ నెత్తిన పెట్టేది ప్రభుత్వమే. ఉపాధ్యాయ సంఘాలు తమ హక్కుల కోసం పోరాడినప్పుడు మనం వాళ్ళ వెంట నిలిచాం, ఇకముందూ నిలుస్తాం. అందుకే అడిగే చనువు మనకుంది. పైనుంచి పడే బరువు దించుకోవడానికి పదమూడేళ్ళ పిల్ల అరచేతులా దొరికింది? బెత్తం పట్టిన సభ్యుణ్ణి సంఘం వెనకేసుకు రావడం వల్ల ఆ బరువు తగ్గుతుందా?

చదువు పిల్లల ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది ఉన్నికృష్ణన్ కేసులో. ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే. అంతకు కొంచెం ముందే నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీద ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. చదువు నేర్చిన ఆడవాళ్ళు ముందుగా ప్రశ్నించడం నేర్చారు. ఈనాటి తల్లి చదువు గురించే ప్రశ్నిస్తోంది. ఆమెకి ఒక రశీదు ఇవ్వలేమా?

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి బడిలోనూ ఫిర్యాదుల రిజిస్టరు, తేదీ వేసి ముద్ర కొట్టిన రశీదు ఉండాలి. ఫిర్యాదు ఎవరికివ్వాలో, అప్పీలు ఎక్కడికో తెలుగులో గోడమీద రాయాలి. కమిటీ సమావేశం కూలి పోని వేళ పెట్టాలి. ఫిర్యాదు నడుస్తుండగా ఆ పిల్లకి టి.సి. మాట ఎత్తకూడదు. చదువరులకి మరో మాట. ఏ తల్లి అయినా ఆఫీసుకి వెళ్తుంటే ఒంటరిగా పంపకండి. రెండు ప్రతులు రాయించండి, ఒకదానిమీద ముద్ర వేయించుకుని రండి. అయినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితం ఏమైందో అడగండి. దారిద్ర్యరేఖకి దిగువనున్న వారికి దానికి ఫీజు లేదు.

ఆరోసారి ఆమెతో మేం నలుగురం వెళ్ళాం. ఒక్కతే ఐదుసార్లు తిరిగితే పడని ముద్ర రెండు నిమిషాల్లో పడింది. సారు క్యాంపులో లేరు, గదిలోనే ఉన్నారు. విచారణ ఇంకా జరుగుతోంది. ఇంటికొచ్చి పిలిచిన స్నేహితురాళ్ళ వెంట ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్తోంది. ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబడి, ఆ తర్వాతే లోపలికి వెళ్తుందట. ఆ పిల్ల ప్రార్థన వరసలో తలెత్తుకు నిలబడే రోజు వచ్చేదాకా ఈ ఫిర్యాదు ముగిసినట్టు కాదు. మరుగుదొడ్డికి నీళ్ళు ఇంకా రాలేదు. దానికోసం రెండో కాగితం రాశాం, రశీదు తీసుకున్నాం.