కోసేది ఒకరు, సంతకం మరొకరిది

ఏ జిల్లా ఆసుపత్రి మార్చురీ దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. శవాన్ని మోసేది, కడిగేది, చాలాచోట్ల కోసేది, మళ్లీ కుట్టేది మాల, మాదిగ, రెల్లి పేటల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడే. డాక్టరు చూసి రాసుకుంటాడు, సంతకం చేస్తాడు. కోర్టులో నిపుణుడు ఆయనే. కత్తి పట్టినవాడి పేరు రిపోర్టులో ఎక్కడా ఉండదు. కాబట్టి ఫోరెన్సిక్ రంగంలో దళితులు లేరనడం సగం నిజమే. కంపు ఉన్నచోట ఉన్నారు. అభిప్రాయం రాసే కుర్చీ దాకా మెట్లే వేయలేదు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే కొత్త కొలువులు తప్పవు. రిజర్వేషన్ ఉందిగా అంటారు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాల్లో రోస్టర్ గతి ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా? పైగా డీఎన్‌ఏ, బాలిస్టిక్స్, టాక్సికాలజీ అంటూ ల్యాబుల్లో అన్నీ చిన్న చిన్న విభాగాలు. ఒకే పోస్టున్న కేడర్‌లో రిజర్వేషన్ చెల్లదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పోస్టులను ముక్కలు చేసేవాళ్లకు ఆ తీర్పు చాలు.

దీని ఖరీదేమిటో హత్రాస్ చూపించింది. దాడి జరిగింది 2020 సెప్టెంబర్ 14న. ల్యాబుకు వెళ్లిన నమూనాలు తీసింది 11 రోజుల తర్వాత. 96 గంటల్లోపే తీయాలన్నది కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకం. వీర్యం కనిపించలేదని ల్యాబ్ రాసింది. ఆ కాగితం పట్టుకుని ఒక ఉన్నత పోలీసు అధికారి అసలు అత్యాచారమే జరగలేదన్నాడు. అత్యాచారం రుజువుకు వీర్యం ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. సీబీఐ నలుగురిపై సామూహిక అత్యాచారం, హత్య అభియోగాలు మోపింది. 2023 మార్చిలో ప్రత్యేక కోర్టు ముగ్గురిని వదిలేసి, ఒక్కడికే, అదీ హత్య కాని ప్రాణహరణం, ఎస్సీ ఎస్టీ చట్టం కింద శిక్ష వేసింది.

ల్యాబులో దళిత శాస్త్రవేత్త ఉంటే ఇది ఆగేదా? ఆగేది కాదేమో. ఆలస్యం జరిగింది ల్యాబు బయట. కానీ 'కనిపించలేదు' అన్నమాట బయటికొచ్చేసరికి 'జరగలేదు'గా మారిపోతుందని అనుభవంతో తెలిసినవాళ్లు, నమూనా ఎన్ని రోజులకు తీశారో అదే రిపోర్టులో పెద్దక్షరాలతో రాయించేవాళ్లు లోపల ఉండాలి.

అట్రాసిటీ కేసుల్లో 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ల్యాబు రిపోర్టు రాలేదన్నది పోలీసులకు అలవాటైన సాకు. ఎస్సీ ఎస్టీ నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. వచ్చే సమావేశంలో కలెక్టర్‌ను రెండు లెక్కలు అడుగుదాం: ఎన్ని అట్రాసిటీ కేసుల నమూనాలు ల్యాబుల్లో ఎన్నాళ్లుగా పడి ఉన్నాయి? కొత్తగా తీసుకుంటున్న ఫోరెన్సిక్ సిబ్బందిలో, పోస్టువారీగా, మనవాళ్లు ఎందరు?