గుడాఖు డబ్బా, ఢిల్లీ లెక్కలు

గతౌరా పేరు పాఠకులలో కొందరికైనా గుర్తుండవచ్చును. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్‌కు, ఆ స్టేషనుకు నడుమ ప్రయాణికుల రైలు గూడ్సు బండిని ఢీకొన్నపుడు ఢిల్లీ పత్రికలన్నీ ఆ పేరును ప్రచురించినవి. ఈ వారం నేను ఆ ఊరిని ప్రస్తావించడం మరొక ప్రమాదాన్ని గూర్చి. దీనికి చప్పుడు లేదు. విచారణ సంఘమూ లేదు.

తెల్లవారుజామున ఆ ప్లాట్‌ఫారం మీద బండి కోసం వేచి ఉన్న స్త్రీలను చూచాను. పలువురి చేతిలో చిన్న డబ్బా ఉన్నది. అందులోని నల్లని ముద్దను వేలితో తీసి చిగుళ్లకు రుద్దుకొనుచున్నారు. దానినే అక్కడ గుడాఖు అంటారు. పొగాకు పొడిని బెల్లపు మడ్డితో కలిపి చేసే ముద్ద అది. పండ్లు తోముకోవడం నెపం మాత్రమే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండియు ఉత్తరాంధ్ర కుటుంబాలు బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడి ఉన్న సంగతి విదితమే. అట్టి కుటుంబానికి చెందిన ఒక వృద్ధురాలు, నా తెలుగు విని, పలుకరించింది. మానరాదా అని అడిగితే ఆమె చెప్పినది ఇది: "మా అమ్మ అడ్డపొగ తాగేది బాబూ. నాకిది పట్టుకుంది. మూడుసార్లు మానినాను, మూడుసార్లూ మళ్లీ మొదలెట్టినాను. మా ఆయన ఖైనీ ఒక్కసారే వదిలేసినాడు. నా మనసే గట్టిది కాదు."

ఆ చివరి మాట నన్ను వెంటాడినది. లోపం ఆమె మనసులోనే ఉన్నదా?

చట్టం ఎట్లు విడదీసినను, శరీరానికి నికోటిన్ కూడ కొకెయిన్, ఆంఫెటమిన్‌ల వలె ఉత్తేజక ద్రవ్యమే. మెదడులో డోపమిన్‌ను విడుదల చేయించి, మరల మరల కోరునట్లు చేయడం వాటన్నిటి పని. ఈ ద్రవ్యాల విషయంలో స్త్రీ పురుష శరీరాలు ఒకే తీరున నడువవని పరిశోధనలు చెప్పుచున్నవి. ప్రయోగశాలలో ఆడ ఎలుకలు మగవాటికన్న త్వరగా కొకెయిన్‌కు అలవాటుపడతాయి. ఈస్ట్రోజెన్ డోపమిన్ స్పందనను పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ తగ్గిస్తుంది. తొలి వాడకం నుండి బానిసత్వం వరకు గల దూరం స్త్రీలలో తరచు కురుచగా ఉండడాన్ని వైద్యులు "టెలిస్కోపింగ్" అన్నారు.

నికోటిన్ కథ కొంత వేరు. స్త్రీ శరీరం దానిని సగటున వేగంగా విరిచివేస్తుంది. గర్భిణులలోను, గర్భనిరోధక మాత్రలు వాడువారిలోను ఆ వేగం ఇంకను హెచ్చు. మాన్పించడానికి ఇచ్చే నికోటిన్ పట్టీలు స్త్రీలకు అంతగా తోడ్పడవని కొన్ని పరిశీలనలు, వారెనిక్లిన్ అనే మందు మెరుగని మరికొన్ని సూచించినవి. ఇవన్నియు సగటు లెక్కలే. పేదరికము, సిగ్గు, ఇంటి చాకిరి వీటికి తోడవుతాయి. అయినను, భర్తకు సాధ్యమైనది భార్యకు కాకపోవడం గుణదోషం కాదని చెప్పడానికి ఇంతమాత్రం చాలును.

ఈ జ్ఞానం ఆలస్యంగా రావడానికి కారణమున్నది. గర్భధారణ వయస్సులోని స్త్రీలను ఔషధాల తొలి పరీక్షల నుండి మినహాయించవలసినదిగా 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించినది. 1993లో గాని ఆ సూచన తొలగలేదు.

మన రాజధాని మాట ఏమి? 2019లో సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలువరించిన మాదకద్రవ్యాల సర్వే ప్రకారం మద్యం తాగువారు పురుషులలో నూటికి 27.3, స్త్రీలలో 1.6. ఇట్టి అంకెలు చూచి మత్తు మగవారి సమస్య అని తీర్మానించుకోవడం సులభం. అయితే ఆ సర్వేలో పొగాకు చేరలేదు. 2016–17 పొగాకు సర్వే చూచినచో ఛత్తీస్‌గఢ్ స్త్రీలలో సుమారు నాలుగో వంతు మంది పొగాకు వాడుచున్నారు. తెలుగువారికి ఇది వింత కాదు. అడ్డపొగ తాగువారి అంగిట పుట్టే జబ్బులపై పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్ర గ్రామాలలో 10,000 మందికి పైగా పరీక్షించి 1971లోనే వ్యాసం ప్రకటించినది.

ప్రపంచం మాట కూడ ఇట్లే ఉన్నది. ఆంఫెటమిన్లు వాడువారిలో దాదాపు సగం స్త్రీలు కాగా, చికిత్స పొందువారిలో అయిదుగురికి ఒకరే స్త్రీ అని ఐక్యరాజ్యసమితి 2022 నివేదిక తెలిపినది.

పండ్లపొడిలో, టూత్‌పేస్టులో పొగాకు కలుపరాదని కేంద్రం 1992లోనే నిషేధించినది. పండ్లకు రుద్దుకొనే గుడాఖు మాత్రం పొగాకు సరుకుగా అమ్ముడుపోవుచున్నది. 2020 ఆగస్టు 15న ఆరంభమైన నషా ముక్త్ భారత్ ఉద్యమం సామాజిక న్యాయశాఖది, పొగాకు ఆరోగ్యశాఖది. గతౌరా స్త్రీ ఈ రెండు దస్త్రాల నడుమ జారిపోవుచున్నది.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో మితానిన్లనే స్త్రీ ఆరోగ్య కార్యకర్తలు ఇరువది యేండ్లకు పైగా ఇంటింటికి తిరుగుచున్నారు. "గుడాఖు రుద్దుతావా? మానినపుడు ఏమైనది?" అనే రెండు ప్రశ్నలు వారి చేత అడిగించి, జవాబులను స్త్రీలవిగా వేరే లెక్కించి, అందుకు తగిన చికిత్స సమీప ఆసుపత్రిలో ఉంచినచో చాలును. అంతవరకు ఆ వృద్ధురాలు తన మనసునే నిందించుకొనుచుండును. ఆ నింద ఆమెది కాదని చెప్పవలసిన బాధ్యత ఢిల్లీది.