తాళం చెవి పోతే మొదట ఎవరి మీద అనుమానం?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు పెరిగాయి. గడియకు వేలాడే బీగం పోయి, తలుపులోనే బిగించిన హై సెక్యూరిటీ తాళాలు వచ్చాయి. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ జాగ్రత్త మరీ ఎక్కువ. భర్త కువైట్‌లో ఉండి, భార్యాపిల్లలు ఇక్కడున్న ఇళ్లకు ఆ తాళమే రాత్రిపూట ధైర్యము. అటువంటి ఇంటి తాళం చెవి పోతే ఏమి చేయాలి? ఇంకొక చెవి చేయించుకుంటే చాలదని మేము అంటాము. పోయిన చెవి ఎవరికైనా దొరికే వీలుంటే తాళమే మార్చాలి. ఆ లోపు ఎవరి మీదా నింద వేయకూడదు.

మామూలు తాళం చెవికి ఒక అంచున పళ్లుంటాయి. బజారులో ఆకురాయి పట్టుకొని కూర్చున్న మనిషి దానిని చూసి పది నిమిషాలలో ఇంకొకటి చేసి ఇస్తాడు. హై సెక్యూరిటీ చెవికి పళ్లకు బదులు రెండు ముఖాల మీదా చిన్న చిన్న గుంటలుంటాయి. గుంట లోతు కొంచెం తేడా వచ్చినా తాళం తిరగదు. అందుకే దానికి వేరే యంత్రం కావాలి. కొన్ని తాళాలతో కోడ్ ఉన్న కార్డు కూడా ఇస్తారు. అది చూపితేనే డీలరు కొత్త చెవి తెప్పిస్తాడు.

తాళం మార్చడమంటే తలుపు పగలగొట్టడమని భయపడకండి. చాలా తాళాలలో మొత్తం పెట్టె తీయనక్కరలేదు, చెవి దూరే సిలిండర్ ఒక్కటే మారుస్తారు. తలుపు అంచున ఉన్న స్క్రూ విప్పి, మిగిలిన చెవితో కొద్దిగా తిప్పి లాగితే అది బయటికి వస్తుంది. చెవి ఒక్కటి కూడా లేకపోతే డ్రిల్లు పెట్టవలసి వస్తుంది గనుక రెండవ చెవిని వేరేచోట భద్రంగా ఉంచండి.

"ఒక్క చెవికి అంత ఖర్చెందుకు పాస్టరుగారూ?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఏ గుర్తూ లేని చెవి గండికోట దగ్గర పెన్నా లోయలో జారిపోతే, ఇంకొకటి చేయించుకుంటే సరిపోతుంది. అది ఏ తలుపుదో ఎవరికీ తెలియదు. కాని ఆధార్ కార్డున్న సంచితో పోయినా, అపార్ట్‌మెంట్ ఆవరణలోనే పోయినా సిలిండర్ మార్చవలసిందే. సంచి పోతే పోలీసు స్టేషన్‌లో చెప్పి ఉంచండి.

అద్దెకున్నవారు అడ్వాన్సులో కోస్తారని భయపడి విషయం దాచిపెడుతున్నారు. ఆ రోజే చెప్పండి. ఇంటి యజమానులైన సహోదరులారా, సిలిండర్ బిల్లు ఎంతో అంతే తీసుకోండి. చెప్పినవారిని శిక్షిస్తే, రేపు ఎవరూ చెప్పరు.

ఇక అసలు బాధ. చెవి కనబడలేదనగానే మొదట వినబడే పేరు పనిమనిషిది, ఆ తరువాత వాచ్‌మన్‌ది. నాలుగిళ్లలో గిన్నెలు తోమే తల్లిని ఒక ఇంట్లో "నువ్వు తీశావా?" అని అడిగితే, సాయంత్రానికి నాలుగిళ్లకూ ఆ మాట చేరుతుంది. వారం తరువాత చెవి సోఫా సందులో దొరికిందన్న మాట మాత్రం అంత దూరం పోదు. సిలిండర్ మళ్లీ కొనవచ్చు. పోయిన ఆమె పేరు ఏ దుకాణంలో కొని ఇస్తాము?

యెషయా గ్రంథము ఇరవై రెండవ అధ్యాయములో ఎల్యాకీము భుజము మీద తాళపుచెవి ఉంచబడుతుంది. ఆ కాలపు కొయ్య చెవులు పెద్దవి. లోపల పడిన మేకులను చెవితో పైకి లేపితే గడియ జరిగేది. నేటి పిన్ తాళమూ అదే సూత్రము మీద పనిచేస్తుంది. అప్పుడైనా ఇప్పుడైనా చెవి చేతికివ్వడమంటే ఒక మనిషిని నమ్మడమే.

గనుక ఎన్ని చెవులున్నాయో, ఏది ఎవరి దగ్గరుందో ఒక పుస్తకంలో రాసుకోండి. చెవి గుత్తికి ఫ్లాట్ నంబరు కట్టకండి. చెవి ఫోటో వాట్సాప్‌లో పంపకండి. సిలిండర్ మార్చిన రోజున, ఇంతకు ముందు పనిచేసే తల్లికి ఒక చెవి ఇచ్చి ఉంటే, కొత్త చెవి కూడా మీ చేతులతోనే ఆమెకు ఇవ్వండి. ఇరుగుపొరుగు చూస్తుండగా ఇస్తే ఇంకా మంచిది.