జేబుకు సరిపడే కంప్యూటర్

ఈ సంచిక ముఖచిత్ర కథనం చేతి కంప్యూటర్ల గురించి. దుకాణంలో అందరి చూపూ రంగుల తెర మీదే పడుతుంది. మీరు మాత్రం ముందు బ్యాటరీ సంగతి అడగండి. ఒకప్పటి చేతి కంప్యూటర్లయిన పాకెట్ పీసీల్లో చాలావాటిలో రాసుకున్నదంతా ర్యామ్‌లోనే ఉండేది. ఛార్జింగ్ పూర్తిగా అయిపోతే ఫోన్ నంబర్లతో సహా అంతా గల్లంతయ్యేది. 1996 నాటి తొలి పామ్ పైలట్ చేతి కంప్యూటర్ మాత్రం రెండు చిన్న సెల్లులు వేస్తే వారాల తరబడి నడిచేది. దాన్ని తయారుచేయడానికి ముందు దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ అదే సైజు చెక్కముక్కను చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు, దానిమీద రాస్తున్నట్టు నటించాడు కూడా. కొనబోయేవాళ్లూ ఆ పని చేసి చూడొచ్చు, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి! బెంగళూరులో పుట్టిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ మీద విడిగా వ్యాసం వేశాం. ఒకే పరికరాన్ని స్మార్ట్‌కార్డులతో పదిమంది వాడుకోవచ్చన్న ఆలోచన మాకు బాగా నచ్చింది.

— సంపాదకుడు