గోదాం నిండింది, కంచం నిండలేదు

దునియాలో తిండికి కరువు లేదు. ఉన్న తిండి ఆకలిగొన్నవాని చేతికి అందకపోవడమే అసలు కరువు. ఈ నాలుగైదేళ్లుగా ప్రపంచం ఏటా పండిస్తున్న తిండిగింజలు 280 కోట్ల టన్నులకు తగ్గలేదు. భూమ్మీదున్న 800 కోట్ల పైచిలుకు జనానికి తలా ఇంత పంచితే మనిషికి రోజుకు దాదాపు కిలో గింజలు వస్తాయి. ఇందులో పెద్ద వాటా పశువుల దాణాకూ, ఇంధనానికీ పోతుంది. అది పోయినా, పసిపిల్లల నోటికి బుక్కెడు బువ్వ అందనంత లోటు లేదు. అయినా 2024లో 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో గడిపారని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025 జూలైలో లెక్క తేల్చాయి. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. 260 కోట్ల మందికి పోషకాలున్న తిండి కొనుక్కునే స్తోమత లేదు. మొదటి లెక్క మీద సానుభూతి ప్రకటనలు వస్తాయి. రెండో లెక్కను ఎవరూ ముట్టరు. మనం పట్టుకోవాల్సింది ఆ రెండో లెక్కనే.

ఎందుకంటే ఆకలి అంటే ఖాళీ కడుపు ఒక్కటే కాదు. మూడు పూటలా కడుపు నిండా బువ్వ తిన్నా పిల్లలు చిక్కిపోవచ్చు, తల్లి ఒంట్లో నెత్తురు లేకపోవచ్చు. మెతుకులు ఆకలిని చంపుతాయి, ఒంటిని కట్టడానికి అవి ఒక్కటే చాలవు. పప్పు కావాలి, గుడ్డు కావాలి, పాలు, ఆకుకూర, పండు కావాలి. పాలకులు ఆహార భద్రత అన్నప్పుడల్లా టన్నుల లెక్క చెబుతారు. మనం అడగాల్సింది కంచం లెక్క.

టన్నుల లెక్క ఎంత మోసమో 1943 నాటి బెంగాల్ చెబుతుంది. ఆ కరువులో దాదాపు 30 లక్షల మంది చచ్చిపోయారు. గింజలు లేకనే చచ్చారని చాలాకాలం లోకం నమ్మింది. 1981లో అమర్త్యసేన్ లెక్కలు తీసి చూపించాడు. 1943లో బెంగాల్‌లో ఉన్న గింజలు, కరువు లేని 1941 కన్నా ఎక్కువే. యుద్ధకాలపు ధరలు మండిపోయాయి. కూలీలు, జాలరులు, చేతివృత్తుల వాళ్లు ఆ ధర పెట్టి కొనలేకపోయారు. బియ్యం బజారులో ఉండగానే జనం బజారు పక్కన ప్రాణాలు విడిచారు. వాళ్ల దగ్గర లేనిది తిండి మీద హక్కు.

ఎనభై ఏళ్లు దాటినా ఆ కథ మారలేదు. సూడాన్‌లోని ఉత్తర దార్ఫుర్‌లో, జంజమ్ శరణార్థి శిబిరంలో కరువు వచ్చిందని 2024 ఆగస్టులో నిర్ధారించారు. 2025 ఆగస్టు 22న గాజాలో నిర్ధారించారు. గాజాలో వానలు పడక కరువు రాలేదు. తిండి లారీలను సరిహద్దు దగ్గర ఆపితే వచ్చింది. ఆకలిని ఆయుధంగా వాడుతుంటే, 1996లో రోమ్‌లో కూర్చొని 2015 కల్లా ఆకలిగొన్నవాళ్ల సంఖ్యను సగం చేస్తామని మాట ఇచ్చిన పెద్ద దేశాలు ఏం చేశాయి? ఆ గడువు దాటగానే 2030 అని ఇంకో గడువు రాసుకున్నాయి. గడువు మారుతున్నది, ఆకలి మారలేదు.

మన దేశం సంగతి చూద్దాం. 2001లో రాజస్థాన్ పల్లెలు కరువుతో అల్లాడుతుంటే దేశంలోని సర్కారు గోదాముల్లో 5 కోట్ల టన్నులకు పైగా గింజలు మూలుగుతున్నాయి. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ ఆ ఏడాది సుప్రీంకోర్టు గడప తొక్కింది. 2001 నవంబర్ 28న ఇచ్చిన ఉత్తర్వుతో బడిపిల్లలకు వండిన అన్నం పెట్టడం సర్కారు బాధ్యత అయింది. ఆ పోరాటం పన్నెండేళ్లు నడిచి 2013లో ఆహార భద్రత చట్టం దాకా వచ్చింది. ఇది ఏ పాలకుడూ దయతో ఇచ్చింది కాదు. అడిగితే వచ్చింది, కొట్లాడితే వచ్చింది.

అయితే ఆ చట్టం కూడా గింజల దగ్గరే ఆగింది. మనిషికి నెలకు 5 కిలోలు. అదీ 2011 జనాభా లెక్కల ప్రకారం 81 కోట్ల 35 లక్షల మందికే. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. ఆ పదేళ్లలో పెరిగిన జనం, పెండ్లయి వేరుపడ్డ కుటుంబాలు, పొట్ట చేతపట్టుకొని వలసపోయిన కూలీలు పాత లెక్కకు బయటే నిలబడ్డారు. 2023 జనవరి నుంచి ఆ గింజలకు పైసలు తీసుకోవడం ఆపేశారు. మంచిదే. కానీ ఉచితంగా ఇచ్చినంత మాత్రాన బియ్యం పప్పు అయిపోదు.

ఆకలి సూచీలో మన స్థానం అడుగున ఉందని విదేశీ సంస్థలు చెప్పినప్పుడల్లా కేంద్ర సర్కారు కొలతే తప్పు అని కొట్టిపారేసింది. సరే, ఆ సూచీని పక్కన పెడదాం. సర్కారే చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? 2019–21 సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. 19.3 శాతం మందికి ఎత్తుకు తగ్గ బరువు లేదు. 67.1 శాతం మంది పసిపిల్లలకు రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఇది విదేశీ కుట్ర కాదు, సర్కారు ముద్ర ఉన్న కాగితమే.

ఇంటి లెక్క ఇంకా చేదు. 2024 వానాకాలంలో తెలంగాణలో కోటిన్నర టన్నులకు పైగా వడ్లు పండాయని రాష్ట్ర సర్కారు ప్రకటించింది. దేశానికి అన్నం పెడుతున్నామని గర్వపడ్డాం. కానీ అదే 2019–21 సర్వేలో మన పసిపిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకు ముందటి 2015–16 సర్వేలో అది 60.7 శాతం. ఎత్తు పెరగని పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లోనూ 58.8 శాతం ఆడవాళ్లకు రక్తహీనతే. వడ్ల రాశి పెరుగుతుంటే పిల్లల ఒంట్లో నెత్తురు తగ్గడమేంది? టన్నుల లెక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

జవాబు కంచంలో ఉంది. ఒకప్పుడు ఈ నేల మీద జొన్న గట్క, సజ్జ రొట్టె, తైదల అంబలి ఉండేవి. చేనులో జొన్నల నడుమ కంది, పెసర, అనుములు ఉండేవి. ఆ కాలమంతా సుఖమేనని మేం అనడం లేదు. అప్పుడూ కరువులున్నాయి, గడీల కింద ఆకలి ఉంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం లక్షల ఇండ్లలో పొయ్యి వెలిగించింది. దాన్ని తక్కువ చేయం. కానీ బియ్యానికి రేషన్ దుకాణం దొరికింది, వడ్లకు కొనుగోలు కేంద్రం దొరికింది, జొన్నకూ కందికీ ఆ అండ దొరకలేదు. రైతు దేనికి భరోసా ఉందో దాన్నే వేస్తాడు. పేదింటి తల్లి ఏది సస్తాగా వస్తే దాన్నే వండుతుంది. తప్పు వాళ్లది కాదు, విధానానిది.

దారి తెలియక కాదు ఇదంతా. ఉస్మానియా పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై హైదరాబాద్‌కు వచ్చిన ఆ సంస్థ 2024 మేలో ఆహార సూత్రాలు విడుదల చేసింది. మనిషికి కావాల్సిన శక్తిలో గింజల నుంచి వచ్చేది 45 శాతం మించొద్దని, మిగిలింది పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, మాంసం, పండ్ల నుంచి రావాలని చెప్పింది. శాస్త్రం చెప్పింది ఒకటి, రేషన్ సంచిలో పడేది ఒకటి. జహీరాబాద్ పల్లెల్లో చదువురాని దళిత మహిళా రైతులు ఎర్రచెలకల్లో చిరుధాన్యాలు, పప్పులు కలిపి పండించి, జొన్నలతో సొంత గింజల నిధి నడిపి చూపించారు. వాళ్లు పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. లోకం మెచ్చిన దారి మన రేషన్ దుకాణం దాకా ఎందుకు రాలేదు?

పైసలు లేవంటారు. లెక్క చూద్దాం. 2025 మే నుంచి ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లవాని మధ్యాహ్న భోజనానికి కేంద్రం కట్టిన ఖర్చు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే వస్తాయి. పప్పు, కూర, నూనె, పోపు, పొయ్యి ఖర్చు అన్నీ ఇందులోనే. ఆ పైసలతో బజారులో ఒక గుడ్డు కొంటే మిగిలేది చిల్లరే. అందుకే పప్పు నీళ్లవుతున్నది. వండే అమ్మకు 2009లో కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు ఖాయం చేసింది, అదీ ఏడాదికి పది నెలలే. పదిహేనేళ్లు దాటినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది. రాష్ట్రాలు ఎంతో కొంత కలిపితేనే ఆమె చేతికి నాలుగు పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేస్తే సర్కారు ఎస్మా ప్రయోగించింది. పిల్లలకు తిండిపెట్టే చేతులకు దక్కిన మర్యాద ఇది. 2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో అన్నం తిన్న పిల్లలు ఆసుపత్రి పాలైతే, హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది.

మరి పైసలు ఎటు పోతున్నాయి? 2025 జనవరిలో ఇథనాల్ తయారీకి ఇచ్చే ఎఫ్‌సీఐ బియ్యానికి కేంద్రం క్వింటాలుకు 2,250 రూపాయల ధర కట్టింది. ఆ ఏడు సాధారణ రకం వడ్ల మద్దతు ధరే 2,300 రూపాయలు. వడ్లు పట్టిస్తే వచ్చే బియ్యం వడ్ల కన్నా సస్తా! బండి తాగే ఇంధనానికి ఇంత రాయితీ ఇచ్చే చేతికి, పిల్లవాని గుడ్డు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వణుకు?

పేదలకు ఉచితంగా పెడితే సోమరిపోతులవుతారనే పెద్దమనుషులూ ఉన్నారు. తల్లి కడుపులో పడ్డ నాటి నుంచి రెండేళ్లు నిండే దాకా బిడ్డకు అందాల్సిన పోషణ అందకపోతే మెదడూ ఒళ్లూ ఎదగాల్సినంత ఎదగవు. ఆ నష్టాన్ని తర్వాత పూడ్చడం చాలా కష్టం. ఆ బిడ్డే రేపు బడిలో వెనుకబడుతుంది, పరీక్షలో ఓడిపోతుంది, కూలికి పోతే తొందరగా అలిసిపోతుంది. అప్పుడు మనం తెలివి లేదంటాం, ప్రతిభ లేదంటాం. పోటీ మొదలుకాక ముందే ఓడించి, ప్రతిభ గురించి మాట్లాడటం కన్నా పెద్ద అన్యాయం ఏముంది?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బడిలో, అంగన్‌వాడీలో ప్రతి పనిదినం గుడ్డు పెట్టాలి, తినని వాళ్లకు పాలో పండో ఇవ్వాలి. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె, జొన్న చేరాలి. ఆ పప్పూ జొన్నా ఇక్కడి మెట్ట రైతుల దగ్గరే మద్దతు ధరకు కొనాలి. వంట ఖర్చు బజారు ధరలను బట్టి ఏటేటా పెరగాలి. వంట అమ్మలకు, అంగన్‌వాడీ అక్కలకు కనీస వేతనం ఇవ్వాలి. ఊరి పిల్లల బరువు, ఎత్తుల లెక్క గ్రామసభ ముందు పెట్టాలి.

ఈ పని అసెంబ్లీకి వదిలేస్తే కాదు. ఉపాధ్యాయ మిత్రులు వారానికి ఒక్కరోజైనా పిల్లల వరుసలో కూర్చొని అదే అన్నం తినాలి, పప్పు ఎంత పడిందో రాసిపెట్టాలి. హాస్టల్ విద్యార్థులు మెస్ మెనూను గోడ మీద రాయించి, దాని ప్రకారం పెట్టకపోతే నిలదీయాలి. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో వంట అమ్మల వేతనానికి ఒక వరుస ఇవ్వాలి. వడ్ల రాశుల ఫొటోలు చూపించే ప్రతి పాలకున్ని మనం ఒక్కటే అడగాలి: పిల్లల కంచంలో ఏముంది?